క్లోమవ్యాధిలో వంశలక్షణముల పాత్ర

పండ్రెండేండ్ల బాలిక. అర్ధరాత్రి మేల్కొని, కడుపు పట్టుకొని, ముందునకు వంగి కూర్చుండును. నొప్పి పొట్ట పైభాగమున మొదలై వీపులోనికి దూసికొనిపోవును. ఒకటి రెండు దినములుండి తగ్గును. మూడు నెలలకో ఆరు నెలలకో మరల వచ్చును. నాయనమ్మ దిష్టి తీయును. తల్లి వామునీళ్లు త్రాగించును. నులిపురుగుల మందు వేసి చూతురు. పరీక్షల ముందు వచ్చినదేని, బడి ఎగవేయుటకు వేసిన వేషమని కూడ అందురు. తుదకు పట్టణమునకు తీసికొనిపోయి ఎక్స్‌రే తీయించినపుడు, వెన్నెముక కడ్డముగా ముత్యములు చల్లినట్లు తెల్లని రాళ్లు కనబడును. అవి మూత్రపిండములలోనివి కావు; పిత్తాశయములోనివి కావు. క్లోమములోనివి. ఆ వ్యాధికి పేరు దీర్ఘకాలిక క్లోమశోథ.

ఇది ఏదో ఒక ఇంటి కథ కాదు. దక్షిణ భారతమున ఉదరవ్యాధుల నిపుణులకు చిరపరిచితమైన దృశ్యము. ఆ చిత్రమును చూచిన పిదప తల్లి అడుగు ప్రశ్నలు సాధారణముగా మూడు. "డాక్టరుగారూ, ఇది దేనివలన వచ్చినది? మా పెంపకములో ఏమైన లోపమున్నదా? దీని తమ్మునికి కూడ వచ్చునా?"

ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుచు శాస్త్రజ్ఞులు డెబ్బది యేండ్లకు పైగా సాగించిన అన్వేషణయే నేటి మన విషయము.

కత్తియు ఒరయు

క్లోమము ఆమాశయమునకు వెనుకగా, వెన్నెముకకు ముందు, అడ్డముగా పరుండిన గ్రంథి. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. దానికి రెండు పనులు. ఇన్సులిన్ మొదలగు వానిని రక్తములోనికి విడుచుట ఒకటి. ఆహారమును జీర్ణము చేయు రసమును చిన్నప్రేగు మొదటి భాగములోనికి పంపుట రెండవది. దినమునకు సుమారు లీటరున్నర రసమును అది స్రవించును. ఆ రసములో మాంసకృత్తులను, క్రొవ్వును, పిండిపదార్థములను ఖండించు ఎంజైములు ఉండును. వానిలో నాయకస్థానము ట్రిప్సిన్ అను దానిది. ఆ పేరు పెట్టినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు విల్లీ కూనె, సంవత్సరము 1876. మాంసకృత్తులను ముక్కలు చేయుట ట్రిప్సిన్ పని. అంతియే కాదు, తక్కిన ఎంజైములను మేల్కొలుపునదియు అదియే.

ఇచట ఒక సందేహము కలుగును. క్లోమము కూడ మాంసకృత్తులతో కట్టబడిన అవయవమే గదా! మాంసకృత్తులను కోయు కత్తిని తనలోనే తయారుచేసికొనుచు, అది తాను తెగిపోకుండ ఎట్లున్నది? ప్రకృతి ఇందులకు నాలుగు కట్టుదిట్టములు చేసినది. వీనిని గుర్తుంచుకొన్నచో, ముందు చెప్పబోవు జన్యువుల కథ యంతయు సులభముగా బోధపడును.

మొదటిది: క్లోమము ట్రిప్సిన్‌ను నేరుగా తయారుచేయదు, ట్రిప్సినోజెన్ అను నిద్రాణరూపమున తయారుచేయును. ఇది ఒరలోనున్న కత్తి. ఆ ఒరను తీయు ఎంటరోకైనేజ్ అను ఎంజైము చిన్నప్రేగు గోడలో ఉన్నదే కాని క్లోమములో లేదు. 1899లో రష్యాలోని పావ్లోవ్ ప్రయోగశాలలో ఈ సంగతి బయటపడినది.

రెండవది: కొద్దిపాటి ట్రిప్సిన్ తొందరపడి క్లోమములోనే మేల్కొనినచో, దానిని పట్టుకొని కదలనీయని కావలి మాంసకృత్తు ఒకటి అచటనే సిద్ధముగా ఉండును. 1948లో కాజల్ అను అమెరికను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును దీనిని క్లోమమునుండి వేరుచేసిరి. దీనిని తయారుచేయు జన్యువునకు నేడు స్పింక్-1 అని పేరు.

మూడవది: కావలి చాలనపుడు ట్రిప్సిన్ తన్ను తానే ఖండించుకొని నశించు ఏర్పాటు. దాని నిర్మాణములో ఒక నిర్ణీతస్థానమున కోతకు అనువైన గంటు ఉన్నది. కైమోట్రిప్సిన్-సి అను మరొక ఎంజైము ఈ విధ్వంసమునకు తోడ్పడును.

నాలుగవది: క్లోమనాళములలో క్షారజలము ప్రవహించి ఎంజైములను ఎప్పటికప్పుడు ప్రేగులోనికి కడిగివేయును. ఆ జలమునకు తూమువంటిది సి.ఎఫ్.టి.ఆర్. అను జన్యువు తయారుచేయు మాంసకృత్తు.

ఈ కట్టుదిట్టములు సడలినచో క్లోమము తన్ను తానే జీర్ణించుకొన నారంభించును. 1896లో ప్రేగ్ నగరమున హన్స్ కియారి అను పాథాలజిస్టు ఈ అభిప్రాయమును ప్రకటించెను. ఒకసారి కలిగిన గాయము మానవచ్చును. కాని పదేపదే గాయపడిన గ్రంథిలో మెత్తని కణజాలము పోయి పీచువంటి మచ్చ మిగులును. నాళములలో సున్నపు రాళ్లు పేరును. ఎంజైములు చాలక క్రొవ్వు జీర్ణము కాదు, మలము జిడ్డుగా పోవును, మనిషి చిక్కిపోవును. ఇన్సులిన్ కణములును నశించినపుడు మధుమేహము వచ్చును. ఇదియే దీర్ఘకాలిక క్లోమశోథ గమనము.

వంశవృక్షము చెప్పిన సాక్ష్యము

మొన్న మొన్నటివరకు ఈ వ్యాధి యనగానే వైద్యుల నోట వచ్చు మొదటి మాట మద్యము. పాశ్చాత్యదేశములలో రోగులలో అధికసంఖ్యాకులు త్రాగుబోతులగుటచే ఆ భావము స్థిరపడినది. దానివలన మద్యము ముట్టనివారికి కూడ ఆ నింద తప్పకుండెను. "ఎంత త్రాగుదువు?" అని అడుగుటయు, "త్రాగను" అన్నచో నమ్మకపోవుటయు పరిపాటి యయ్యెను.

ఈ భావమునకు మొదటి దెబ్బ 1952లో తగిలినది. అమెరికాలోని మేయో క్లినిక్కులో కంఫర్ట్, స్టైన్‌బర్గ్ అను ఇద్దరు ఒకే కుటుంబములో పలువురికి ఈ వ్యాధి వచ్చినట్లు గమనించి, ఆ వంశవృక్షమును ప్రకటించిరి. ఇది వంశపారంపర్యముగా కూడ రాగలదని వైద్యశాస్త్రము గుర్తించుట అదియే మొదలు. తరువాత అట్టి కుటుంబములు మరికొన్ని బయల్పడినవి. వానిలో వ్యాధి తరమును విడువక దిగుచుండెను. స్త్రీపురుష భేదము లేకుండెను. రోగి సంతానములో సుమారు సగము మందికి దోషము సంక్రమించుచుండెను.

దీని అర్థమును తెలిసికొనుట కష్టము కాదు. ప్రతి జన్యువునకును మనలో రెండు ప్రతులుండును. ఒకటి తండ్రి ఇచ్చినది, ఒకటి తల్లి ఇచ్చినది. మన బిడ్డకు ఆ రెంటిలో ఒకటి మాత్రమే పోవును. ఏది పోవునన్నది బొమ్మా బొరుసా యన్నట్టిదే. ఒక్క ప్రతి చెడినను వ్యాధి వచ్చునట్టిదైనచో, సగము మంది బిడ్డలకు ఆ ప్రమాదము ఉండును.

అయితే ఆ చెడిన జన్యువు ఎచట ఉన్నది? మానవుని జన్యులిపిలో సుమారు 300 కోట్ల అక్షరములున్నవి. అందులో ఒక తప్పును పట్టుట ఎట్లు? ఇందులకు శాస్త్రజ్ఞులు హద్దురాళ్ల పద్ధతి నవలంబించిరి. క్రోమోజోముల పొడవునా, మనిషికి మనిషికి తేడా చూపు గుర్తులు అచ్చటచ్చట ఉన్నవి. అవి పొలముల మధ్య పాతిన హద్దురాళ్ల వంటివి. ఒక కుటుంబములో రోగులందరికిని ఉండి, రోగము లేనివారికి లేని రాయి ఏదో కనిపెట్టినచో, దోషము ఆ రాతి సమీపమున ఉన్నదని గ్రహింపవచ్చును.

1996లో ఫ్రాన్సులోను అమెరికాలోను పరిశోధకులు ఈ పద్ధతిని అనుసరించి 7వ క్రోమోజోమును చేరిరి. అదే సంవత్సరము అమెరికాలో డేవిడ్ విట్‌కాంబ్ బృందము ఆ చేనులో వెదకగా ట్రిప్సినోజెన్ జన్యువే కనబడెను. దానిలో ఒకే ఒక అక్షరము మారియుండెను. ఆ మార్పువలన ట్రిప్సిన్‌లో ఒకచోట ఆర్జినిన్ అను అంశమునకు బదులు హిస్టిడిన్ అను అంశము చేరుచుండెను. నేటి లెక్కలో అది 122వ స్థానము. పరీక్షించిన అయిదు కుటుంబములలోని రోగులందరిలో ఆ మార్పు ఉండెను. ఆ కుటుంబములతో సంబంధము లేని 140 మందిలో ఒక్కరికిని లేకుండెను.

ఆ 122వ స్థానము ఏదో కాదు. ట్రిప్సిన్ తన్ను తాను ఖండించుకొనుటకు ప్రకృతి ఏర్పరచిన గంటు అచటనే ఉన్నది. గంటు పూడిపోయినది, మూడవ కట్టుదిట్టము సడలినది. తొందరపడి మేల్కొనిన ట్రిప్సిన్ ఇక నశింపక గ్రంథిని దహించును. కియారి ఊహకు 1896 నుండి 1996 వరకు, సరిగా నూరేండ్లకు, రుజువు దొరకినది.

ఇచట గమనింపవలసిన విషయము మరియొకటి ఉన్నది. ఇంతటి తీవ్రమైన దోషము ఉన్నవారిలో సైతము నూటికి సుమారు 80 మందికే వ్యాధి వచ్చును. తక్కిన ఇరువదిమంది దానిని మోయుచునే సుఖముగా జీవింతురు. ఒకే జన్యుసంపద గల కవలలలో ఒకరికి వ్యాధి వచ్చి మరొకరికి రాని సందర్భములును ఉన్నవి. జన్యువు బలమైనదే, కాని సర్వాధికారి కాదు.

వంశచరిత్ర లేనివారి మాట

ఇంతవరకు చెప్పినది తరతరములుగా వ్యాధి దిగిన కుటుంబముల మాట. కాని రోగులలో అధికసంఖ్యాకులకు తాతకు లేదు, తండ్రికి లేదు, తోబుట్టువులకు లేదు. అట్టివారి విషయమున వంశవృక్షము మూగదగును. అందుచేత రెండవ పద్ధతి అవసరమైనది. కొన్నివందల మంది రోగులను ఒక ప్రక్కను, అదే ప్రాంతమునకు, అదే జనసముదాయమునకు చెందిన ఆరోగ్యవంతులను మరొక ప్రక్కను నిలిపి, అనుమానాస్పదమైన జన్యువును ఇరువురిలోను చదువుదురు. ఒక మార్పు రోగులలో ఎక్కువగాను, ఆరోగ్యవంతులలో తక్కువగాను ఉన్నచో దానిని ప్రమాదకారణముగా పరిగణింతురు. పోలిక సరియైనదిగా ఉండవలెను. ఒక దేశపు రోగులను వేరొక దేశపు ఆరోగ్యవంతులతో పోల్చినచో, వ్యాధివలన కాక జాతిభేదమువలన కలిగిన తేడా కూడ కారణమువలె కనబడి మోసపుచ్చును.

ఏ జన్యువును అనుమానింపవలెను? మన నాలుగు కట్టుదిట్టములే దారి చూపినవి. 1998లో బ్రిటిషు, అమెరికను బృందములు రెండు వేర్వేరుగా నాళములలోని తూమును పరీక్షించి, ఈ రోగులలో సి.ఎఫ్.టి.ఆర్. జన్యుదోషములు అధికముగా ఉన్నట్లు చూపినవి. 2000లో జర్మనీలో హైకో విట్ బృందము కావలి జన్యువగు స్పింక్-1ను పరీక్షించి, బాల్యమున వ్యాధి వచ్చినవారిలో ఒక మార్పును కనుగొనినది. ఆ మార్పువలన కావలి మాంసకృత్తు 34వ స్థానమున ఆస్పరజిన్‌కు బదులు సీరిన్ చేరును. 2008లో కైమోట్రిప్సిన్-సి దోషములు బయల్పడినవి. ఇట్లు నాలుగు కట్టుదిట్టములలోను ఎచటనో ఒకచోట బీటలు కనబడినవి.

మన దేశమున జరిగిన పరిశోధన

ఉష్ణదేశములలో ఈ వ్యాధికి ఒక ప్రత్యేకరూపమున్నది. మద్యముతో సంబంధము లేక, బాల్యయౌవనములలో మొదలై, పెద్ద పెద్ద రాళ్లను కట్టి, మధుమేహమునకు దారితీయు రూపమది. 1959లో జుయిడెమా అను వైద్యుడు ఇండొనీషియాలో అట్టి రోగులను వర్ణించెను. మన దేశమున కేరళలో డాక్టరు పి. జె. గీవర్గీస్ వందలకొలది రోగులను దశాబ్దములపాటు పరిశీలించి, 1968లో ఈ విషయమున ఒక గ్రంథమును ప్రకటించెను. ఈ వ్యాధి చరిత్రలో ఆయన కృషి మరపురానిది.

ఆ రోగులలో అనేకులు బీదవారు, బక్కచిక్కినవారు, కేరళలో నాడు బీదల ఆహారమైన కర్రపెండలము తినువారు. కనుక పోషకాహారలోపమే మూలమని కొందరును, కర్రపెండలములోని సైనైడు జనక పదార్థములే మూలమని కొందరును తలచిరి. ఆ కాలమునకు అవి సహేతుకములైన ఊహలే. కాని కర్రపెండలము వాడుకలో లేని ప్రాంతములలోను వ్యాధి కనబడినది. సంవత్సరముపాటు కర్రపెండలము పెట్టిన ఎలుకలలో వ్యాధి పుట్టలేదు. చక్కని ఆహారము తిను కుటుంబములలోను రోగులు కనబడిరి. చిక్కిపోవుట అనేకులలో వ్యాధికి కారణము కాదనియు, జీర్ణశక్తి నశించుటవలన కలిగిన ఫలితమనియు తేలినది. మన గోదావరి మండలములలో సగ్గుబియ్యము కొరకు ఈ దుంపను పండించుచున్నారు. సగ్గుబియ్యపు పాయసము త్రాగినందున బిడ్డకు ఈ వ్యాధి వచ్చినదేమో యని ఏ తల్లియు పశ్చాత్తాపపడ నవసరము లేదు.

అప్పుడు హైదరాబాదు ఈ కథలో ప్రవేశించినది. సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీలో గిరిరాజ్ చాందక్ ప్రభృతులును, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీలో డాక్టరు డి. నాగేశ్వరరెడ్డి ప్రభృతులును కలిసి మన రోగుల రక్తమును పరీక్షించి, 2002లో ఫలితములను ప్రకటించిరి. పాశ్చాత్య కుటుంబములలో కనబడిన ట్రిప్సినోజెన్ దోషము మన రోగులలో లేదు. స్పింక్-1లోని 34వ స్థానపు మార్పు మాత్రము నూటికి సుమారు 40 మందిలో కనబడినది. అదే సంవత్సరము లక్నోలోని సంజయ్ గాంధీ వైద్యవిజ్ఞాన సంస్థ పరిశోధకులును, బంగ్లాదేశ్, దక్షిణ భారత రోగులను పరిశీలించిన మరొక బృందమును స్పింక్-1నే వేలెత్తి చూపినవి. ఒకరి ఫలితమును వేరొకరు వేరొకచోట ధ్రువీకరించినపుడే శాస్త్రమున దానికి విలువ. 2006లో హైదరాబాదు బృందమే కెథెప్సిన్-బి అను మరొక జన్యువులోని మార్పులకు కూడ ఈ వ్యాధితో సంబంధమున్నట్లు ప్రకటించినది.

పేదరికమునకును దుంపకును అంటగట్టిన నింద కావలి జన్యువుపైకి మారినది. అయితే ఆ జన్యువొక్కటే దోషియా? ఇచట లెక్క జాగ్రత్తగా చూడవలెను. ఆ 34వ స్థానపు మార్పు ఏ వ్యాధియు లేని సామాన్యజనములో కూడ నూటికి ఇద్దరు ముగ్గురిలో ఉన్నది. ఆ లెక్కన అది మన దేశమున కోట్లకొలది మందిలో ఉండవలెను. వారిలో అత్యధికసంఖ్యాకులు క్లోమమను అవయవమొకటి తమలో ఉన్నదన్న సంగతియే ఎరుగక, పూర్ణారోగ్యముతో జీవించుచున్నారు. కనుక ఈ మార్పు నిప్పు కాదు, ఎండిన గడ్డి. గడ్డి ఉన్నంతమాత్రమున ఇల్లు కాలదు. నిప్పురవ్వ ఒకటి వచ్చి పడవలెను.

మరియొక వింత కూడ ఉన్నది. ఆ మార్పు కలిగిన కావలి మాంసకృత్తును ప్రయోగశాలలో పరీక్షింపగా, అది ట్రిప్సిన్‌ను మామూలు దానివలెనే బంధించినది. అనగా కావలివాని బలము తగ్గలేదు. ఈ మార్పుతో కలిసి వంశమున దిగు మరొక ఇరుగుపొరుగు మార్పు కావలివారి సంఖ్యను తగ్గించుచుండవచ్చునని శాస్త్రజ్ఞులు ఊహించుచున్నారు. దొంగ దొరకిన ఇంటనే దొంగ ఉండవలెనను నియమము లేదు, ప్రక్కయింట ఉండవచ్చును. జన్యుపరిశోధనలో ఇట్టి జాగ్రత్త ఎల్లపుడు అవసరము.

మద్యము, పొగాకు, జన్యువు

నిప్పురవ్వ యన్నాము. అది ఏది? మద్యము ఒకటి. పొగాకు మరొకటి. మద్యము లేకున్నను పొగాకు ఒక్కటియే ఈ ప్రమాదమును పెంచునని ఇప్పుడు స్పష్టముగా తెలిసినది. ఈ సంగతి మన ఇండ్లలో తెలిసినవారు తక్కువ.

అయితే విపరీతముగా త్రాగువారిలో సైతము ఈ వ్యాధి వచ్చువారు నూటికి అయిదుగురు లోపే. ఆ అయిదుగురికే ఎందులకు? 2012లో విట్‌కాంబ్ బృందము వేలకొలది మంది జన్యులిపినంతటిని ఒకేసారి జల్లెడపట్టి రెండు చోట్లు కనుగొనినది. ఒకటి ట్రిప్సినోజెన్ జన్యువుల సమీపము. మరొకటి ఎక్స్ క్రోమోజోముపైనున్న క్లాడిన్-2. స్త్రీకి ఎక్స్ క్రోమోజోములు రెండు. ఒకటి చెడినను రెండవది ఆదుకొనును. పురుషునికి ఒక్కటియే. త్రాగు పురుషులలో ఈ వ్యాధి అధికముగా ఉండుటకు ఇదియు ఒక కారణము. కనుక "జన్యువా, మద్యమా?" అను వాదమే సరికాదు. ఒకదానికొకటి తోడైనపుడే అనర్థము.

పరీక్ష ఎవరికి? ఫలితమున కర్థమేమి?

ఇప్పుడు రక్తపు చుక్కతో ఈ జన్యువులను చదువుట సాధ్యమే. అంతమాత్రమున అందరికి పరీక్ష అవసరము లేదు. చిన్నవయసున వ్యాధి మొదలైనవారికి, మద్యము మొదలగు స్పష్టమైన కారణము కనబడనివారికి, దగ్గరి బంధువులలో ఇదే వ్యాధి ఉన్నవారికి పరీక్ష ఉపయోగపడును. పరీక్షకు ముందును వెనుకను జన్యువిషయములు తెలిసిన వైద్యునితో సంప్రదించుట మంచిది. అర్థము చెప్పువారు లేని ఫలితము, దీపము లేని గదిలో గ్రంథము వంటిది.

దోషము ఉన్నదని తేలినచో దానిని సరిదిద్దు మందు నేటికిని లేదు. అయినను లాభము కలదు. మొదటి లాభము, నింద తొలగును; వేషమని గద్దింపబడిన బాలిక, త్రాగుబోతని అనుమానింపబడిన యువకుడు, తమ మాట నిజమని లోకమునకు చూపగలరు. రెండవది, జాగ్రత్త. పొగాకును మద్యమును జీవితాంతము ముట్టరాదు. కొరతపడిన ఎంజైములను భోజనముతో గుళికలుగా తీసికొనవచ్చును. రక్తములోని చక్కెరను కాలానుగుణముగా పరీక్షించుకొనుచుండవలెను. ట్రిప్సినోజెన్ దోషము గల కుటుంబములలో వయసు మీరినకొలది క్లోమమున క్యాన్సరు కలుగు ప్రమాదము సామాన్యులకంటె చాల హెచ్చు. ధూమపానము దానిని సుమారు రెట్టింపు చేయును. అట్టివారు నిపుణుల పర్యవేక్షణలో ఉండుట అవసరము. నొప్పి భరింపరానిదై ఏ చికిత్సకును లొంగనపుడు, క్లోమమును తొలగించి, దానిలోని ఇన్సులిన్ కణములను వేరుచేసి, రోగి కాలేయములోనికే పంపు శస్త్రచికిత్స ఉన్నది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1977లో దీనిని మొదటిసారి చేసిరి. ఏ దోషముతో వ్యాధి వచ్చినదో తెలిసియుండుట ఇట్టి పెద్ద నిర్ణయమునకు తోడ్పడును.

దోషము లేదని తేలినంతమాత్రమున జన్యుకారణమే లేదని అనుకొనరాదు. పరీక్ష చదువునది కొన్ని పుటలను మాత్రమే, గ్రంథమునంతటిని కాదు.

మన ప్రాంతమున మరొక మాట అవసరము. మేనమామకును మేనబావకును పిల్లనిచ్చు ఆచారము మనలో ఉన్నది. దగ్గరి రక్తసంబంధము గల దంపతులలో ఇరువురును ఒకే పూర్వునినుండి ఒకే దోషమును పొందియుండుట సంభవము. అప్పుడు బిడ్డకు రెండు ప్రతులును చెడినవే చేరవచ్చును. స్పింక్-1 విషయమున రెండు ప్రతులు చెడినచో ప్రమాదము మరింత హెచ్చు. వంశమున ఈ వ్యాధి ఉన్నట్లు తెలిసినవారు మేనరికమునకు ముందు ఒకసారి వైద్యుని సలహా తీసికొనుట వివేకము. ఇది ఆడపిల్ల పెండ్లికి అడ్డంకి కల్పించుటకు చెప్పుమాట కాదు. జన్యుపరీక్షను జాతకచక్రమువలె చేతబట్టుకొని సంబంధములు త్రోసిపుచ్చుట శాస్త్రమునకు విరుద్ధము. జాగ్రత్త వేరు, వెలి వేరు.

ఇక ఆ తల్లి ప్రశ్నలకు తిరిగి వత్తము. దేనివలన వచ్చినది? క్లోమమును కాపాడు కట్టుదిట్టములలో ఒకటి పుట్టుకతోనే బలహీనమై, దానికి మరేదో తోడగుటవలన. పెంపకములో లోపమున్నదా? లేదు. తనకు తెలియకయే ఒక అక్షరమును బిడ్డకు అందించిన తల్లికి గాని, తండ్రికి గాని అందులో అపరాధము లేదు. వారికి వారి పూర్వులు అట్లే ఇచ్చిరి. తమ్మునికి వచ్చునా? రావచ్చును, రాకపోవచ్చును, రాకుండుటకే అవకాశము హెచ్చు. వాడు పెద్దవాడైన పిమ్మట బీడి, సిగరెట్టు, మద్యము జోలికి పోకున్న ఆ అవకాశము ఇంకను పెరుగును. వానికి ఎన్నడైన పొట్ట పైభాగమున నొప్పి వచ్చి వీపునకు ప్రాకినచో, దిష్టి తీసి ఊరకుండక వెంటనే వైద్యునికి చూపవలెను.

అక్క నొప్పిని వేషమన్న ఇంట, తమ్ముని నొప్పిని మొదటిసారికే నమ్మినచో, ఈ పరిశోధన ఆ కుటుంబమునకు ఫలించినట్లే.